నాన్న సాక్స్

బట్టలారబెట్టే డ్రయ్యర్ తలుపు తీయగానే వచ్చే వెచ్చటి సబ్బు వాసనంటే నాకిప్పటికీ పడదు.

అమెరికాలో, ఫ్రీమాంట్‌లోని మా ఇంట్లో క్రిస్మస్‌కి కానుకలు నింపే స్టాకింగ్స్ కొనేవాళ్లం కాదు, నాన్న ఆఫీస్ సాక్సే వేలాడదీసేవాళ్లం. నాన్న చనిపోయిన ఏడాది ఆయన బట్టలన్నీ ఎవరికో ఇచ్చేశారు. గరాజ్‌లో షూస్ మాత్రం మిగిలిపోయాయి. వాటిలో కుక్కి ఉన్న ఒక సాక్స్ తీసి నేనే తగిలించాను.

"మాసిన సాక్సులో తినే వస్తువులేమిట్రా!" అంటూ, మాకు తోడుగా ఇండియా నుంచి వచ్చిన అమ్మమ్మ దాన్ని మెషీన్‌లో ఉతికి, డ్రయ్యర్‌లో ఆరబెట్టి, చాక్లెట్లు నింపింది.

పొద్దున్నే నేను గంతులేశాను. అమ్మ చాక్లెట్లన్నీ నా ఒళ్లో ఒంపేసి, ఖాళీ సాక్స్‌ని ముక్కుకి ఆనించుకుని గట్టిగా వాసన పీల్చింది.

"ఇంకా కంపు కొడుతోందా అమ్మా?" అన్నాను.

"లేదురా," అంది అమ్మ. "ఏమీ లేదు."