ఆటలో నేను కట్టిన గుడి

మా అన్న సూర్యాపేటలో గేమ్ సెంటర్ పెట్టిన ఏడాదే నేను కోదాడలో ఎం.సి.ఎ.లో చేరాను. నాయనకు నడిగూడెం దగ్గర మా ఊళ్లో గొర్ల మంద ఉండేది. డిగ్రీ మధ్యలో ఆపేసిన కొడుకు ఏదో ఒక దారిన పడాలని అందులో సగం అమ్మి, బస్టాండుకు దగ్గర్లో ఒక దుకాణపు మడిగ కిరాయికి తీసుకొని కంప్యూటర్లు పెట్టించాడు. మిగిలిన గొర్లతో తను ఊళ్లోనే ఉండిపోయాడు. అమ్మ, అన్న, నేను మడిగ వెనకున్న రెండు గదుల్లో ఉండేవాళ్లం.

పొద్దున్నే కోదాడ బస్సెక్కి పోయి మధ్యాహ్నం దాటాక తిరిగి వచ్చేదాన్ని. నేను రాగానే అన్న కుర్చీలోంచి లేచేవాడు. "చెల్లె, జర గీడ కూసో, గిట్ల పోయి గట్ల వస్త" అని బండి తీసుకొని వెళ్తే మళ్లీ దీపాలు పెట్టే వేళకే రావడం. అట్లా కూర్చుని కూర్చుని నాకు ఆటలు అలవాటయ్యాయి. అందరూ కార్ల ఆటలు, తుపాకుల ఆటలు ఆడుతుంటే నాకు ఒకే ఒక్క ఆట నచ్చింది. పురాణాల మీద అల్లిన యుద్ధపు ఆట అది. గ్రీకుల దేవుళ్లు, ఈజిప్టు దేవుళ్లు, మంచు దేశాల దేవుళ్లు. ఒక దేవుణ్ణి ఎంచుకొని, ఊరు కట్టి, చెట్లు కొట్టించి, బంగారం తవ్వించి, సైన్యాన్ని పెంచి ఎదుటివాడి ఊరు కూల్చాలి. మనం ఆలోచిస్తూ కూర్చుంటే వాడు ఆగడు.

ఆ ఆటలో గుడి కట్టనిదే తర్వాతి యుగంలోకి పోలేము. గ్రీకులను తీసుకుంటే ఊరివాళ్లను కొందరిని పని మాన్పించి గుడి ముందు మొక్కడానికి నిలబెట్టాలి. వాళ్లు మొక్కిన కొద్దీ దేవుడి దయ పోగవుతుంది. ఆ దయ ఉంటేనే గుడిలోంచి ఒంటికన్ను రాక్షసులూ ఎద్దుతల మనుషులూ మన తరఫున బయటికి వస్తారు. సెంటర్‌కు వచ్చే కాలేజీ పిల్లలకు ఇది బొత్తిగా నచ్చేది కాదు. "మొక్కుకుంట నిలబడితే కట్టెలు ఎవడు కొడతడు?" అని అందరినీ అడవికి తోలేవాళ్లు. వాళ్లతో పోటీగా ఆడేటప్పుడు నేను మొదట్లోనే కొందరిని గుడి దగ్గర పెట్టేదాన్ని. ఆ పిల్లల సైనికులు ఇంకా ఈటెలు పట్టుకొని ఉండగానే నా రాక్షసులు వాళ్ల గోడల మీద పడేవాళ్లు. కొన్నాళ్లకు ఆ పిల్లలు అన్నతో అన్నారు: "అన్నా, మీ చెల్లెను ఆటల కూసోబెట్టకు. ఆడపిల్ల చేతుల ఓడిపోతే ఇజ్జత్ పోతున్నది."

అన్న నవ్వి, నన్ను కౌంటర్‌కే పరిమితం చేశాడు.

ఆడనివ్వకపోతే ఏం చేయాలి? కౌంటర్ మీది కంప్యూటర్‌లో ఆటను విప్పి చూడడం మొదలుపెట్టాను. అందులోని కట్టడాల బొమ్మలు తీసేసి, మనం చేసిన బొమ్మలు పెట్టుకోవచ్చని నెట్‌లో చదివాను. ఆ ఆటలోని గ్రీకు గుడి తెల్లగా, సున్నం కొట్టిన గోడలా ఉండేది. నాకు తెలిసిన గుడి అట్లా ఉండదు. శివరాత్రికి చిన్నప్పటినుంచీ పోయే పిల్లలమర్రి గుడి నల్లగా ఉంటుంది. స్తంభం మీద చెయ్యి పెడితే చల్లగా, నూనె రాసినట్టు నున్నగా తగులుతుంది. ఆ గుడిని ఈ ఆటలోకి తేవాలనిపించింది.

ఫోటో స్టూడియో వాళ్ల దగ్గర డిజిటల్ కెమెరా అడుక్కొచ్చి ఇచ్చింది అన్నే. బండి మీద పిల్లలమర్రికి తీసుకుపోయిందీ అన్నే. అది కాదనను. నేను స్తంభాలను జానలతో కొలుస్తుంటే బయట చెట్టు కింద నిలబడి ఫోన్‌లో మాట్లాడుతూ అరిచాడు: "గుడిని గొలుస్తున్నవేందే పిచ్చిదానా? జల్ది రా, ఎండ గొడుతున్నది."

ఎండాకాలం సెలవులన్నీ ఆ పనికే పోయాయి. పుస్తకం లేదు, నేర్పేవాళ్లు లేరు. ఒక స్తంభం మీది నగిషీ దించడానికి వారం పడితే, కరెంటు పోయి అది కాస్తా పోయేది. మళ్లీ మొదటినుంచి. అమ్మ చాయ్ తెచ్చి పెట్టి వెనక నిలబడి చూసేది. ఒకరోజు కొంగుతో కంప్యూటర్ అద్దం తుడిచి, ముందుకు వంగి, "ఇది మన పిల్లలమర్రే గదనే! నంది ఏడ?" అంది.

"ఇంకా చేయలేదమ్మా."

"నంది లేని గుడేందే? చెయ్యి మరి" అని గ్లాసు తీసుకొని వెళ్లిపోయింది.

నంది అయ్యాక గుడిని ఆటలో పెట్టాను. గ్రీకు బట్టల మనుషులు సుత్తులతో కొడుతుంటే తెల్ల గుడి లేవాల్సిన చోట నల్లరాతి గుడి లేచింది. కట్టడం కాగానే వాళ్లు దాని చుట్టూ చేరి మొక్కారు. అన్నను పిలిచి చూపించాను. అన్న సెంటర్‌లో ఉన్న పిల్లలందరినీ పిలిచాడు.

"అన్నా, మస్తు చేసినవ్ గదనే!" అన్నారు వాళ్లు, నా వైపు చూడకుండా.

అన్న కాలరు సవరించుకొని నవ్వాడు. నేను కూడా నవ్వాను, తమాషా అనుకొని.

ఆ తర్వాతి ఏడాది ఇండ్లల్లోకి కంప్యూటర్లు వచ్చి సెంటర్ నడవలేదు. మూసేసి అన్న హైదరాబాద్ పోయాడు. రెండు నెలలకు మిఠాయి డబ్బాతో వచ్చి, ఆటలు తయారుచేసే కంపెనీలో ఉద్యోగం వచ్చిందన్నాడు. అమ్మ దిష్టి తీసింది. నాకు అర్థం కాక అడిగాను. "ఏం చూపించినవన్నా, ఉద్యోగం ఎట్లిచ్చిన్రు?"

"గుడి చూపించిన."

"నేను చేసిన్నని చెప్పినవా?"

"వాళ్లు అడగలేదే. అడిగితే చెప్పకపోదునా? అయినా నీదేంది, నాదేంది? నేను గాడ జర కుదురుకోనీ, నిన్ను గూడ పిలిపిస్త."

నమ్మాను. చదువు అయ్యేదాకా ఆ పిలుపు కోసమే చూశాను. అది రాలేదు. నేనే హైదరాబాద్‌లో ఇంకో కంపెనీకి వెళ్లాను. ఇంటర్వ్యూ చేసిన మేడమ్ నా గుడిని కంప్యూటర్‌లో అటూ ఇటూ తిప్పి చూసి, చూసి, నా వైపు తిరిగింది.

"ఇది మీరే చేశారా?"

"అవును మేడమ్."

"ఇది మేము ఇంతకుముందే చూశామమ్మా. వేరే అబ్బాయిది. ఇంటర్నెట్‌లో ఆ అబ్బాయి పేరుతో ఉంది." ఆమె కోప్పడలేదు. చిన్నపిల్లతో మాట్లాడినట్టు మెల్లగా చెప్పింది. "చదువుకున్నవాళ్లు, ఇట్లా చేయకూడదు."

ఆ అబ్బాయి మా అన్న అని చెప్పాను. ఆమె తల ఊపి, కాగితాలు నా ముందుకు జరిపింది. సూర్యాపేట బస్సులో కిటికీ పక్కన కూర్చున్నా ఏ ఊరు దాటానో తెలియలేదు. ఇంట్లో మాత్రం "రాలేదు" అని ఒక్క మాటే చెప్పాను.

తర్వాత నాకు మిర్యాలగూడ సంబంధం కుదిరింది. మా ఆయన రైస్ మిల్లులో గుమాస్తా. నేను ఒక ప్రైవేటు బడిలో కంప్యూటర్ టీచర్‌గా చేరాను. పిల్లలకు ఇల్లు, చెట్టు, సూర్యుడు గీయడం నేర్పిస్తాను.

పాప పుట్టాక ఊళ్లో మా పుట్టింటికి పోయినప్పుడు గోడకు పత్రిక ముక్క కనిపించింది. జిల్లా పేజీలో అన్న ఫోటో, పక్కన నల్లరాతి గుడి. గొర్లకాపరి కొడుకు మన శిల్పాన్ని ప్రపంచానికి చూపిస్తున్నాడని రాశారు. నాయన దానికి అద్దం వేయించాడు. వచ్చినవాళ్లకు చూపించి మురిసిపోతున్నాడు.

"నాయనా, గా గుడి నేను చేసిన" అన్నాను.

నాయన నన్ను చూసి, పాపను చూసి, గడ్డం గోక్కున్నాడు. "ఎవలు చేస్తేంది బిడ్డా? మన ఇంట్లనే ఉన్నది గద. ఇప్పుడు గదంత ఎందుకు?"

వంటింట్లోకి పోయి అమ్మను అడిగాను. "నీకు తెల్వదా అమ్మా? నంది ఏడ అని నువ్వే అడిగినవ్."

అమ్మ పొయ్యి వైపే చూస్తూ అంది: "తెలుసు బిడ్డా. తెలిసి నేనేం జెయ్యాలె? వాని ముద్ద తీసి నీకు పెట్టాల్నా?"

అన్న చేసిన దానికంటే ఆ మాటే నన్ను ఎక్కువ కాల్చింది.

తెలంగాణ వచ్చిన ఏడు అన్న కారులో మిర్యాలగూడ వచ్చాడు. హైదరాబాద్‌లో ఇల్లు కట్టుకున్నాడు, గృహప్రవేశానికి పిలవడానికి. మా ఆయన మిల్లులో ఉన్నాడు. కుంకుమ పెట్టి పత్రిక చేతికిచ్చాక, అన్నం వడ్డిస్తూ అడిగాను.

"అన్నా, ఒక్కసారన్నా చెప్పరాదే. కంపెనీల కాదు. నాయనకు చెప్పు."

"నాయన ఊరంత చెప్పుకున్నడు. ఇప్పుడు నేను కాదంటే ఆయన ముఖం ఏడ పెట్టుకుంటడు?" అన్నాడు. తర్వాత గొంతు పెంచాడు. "గా మాట ఆన్నుంచి ఈన్నుంచి కంపెనీకి చేరితే నా ఉద్యోగం ఖతం. పిల్లలున్నరు, ఇంటి లోన్ ఉన్నది. నా ఉద్యోగం పోవాల్నా నీకు? గదేనా నీకు కావాల్సింది?"

కాదని అంటానని అనుకున్నాడు. చెయ్యి అప్పటికే పళ్లెం మీద పెట్టాడు.

"అవునన్నా" అన్నాను.

అన్న లేచి చెయ్యి కడుక్కొని, చెప్పులేసుకొని వెళ్లిపోయాడు. అన్నం అట్లాగే ఉంది. గృహప్రవేశానికి నేను పోలేదు. బడిలో పరీక్షలున్నాయని అమ్మకు ఫోన్ చేశాను. ఆ రోజు ఆదివారం. అమ్మ "సరే బిడ్డా" అంది, అంతే.

నేను ఎవరికీ ఏమీ చెప్పలేదు. అన్న ఉద్యోగం పోలేదు, పెద్దదైంది. పెళ్లిళ్లలో కలిస్తే ఎండల గురించీ పిల్లల చదువుల గురించీ మాట్లాడుకుంటాం. నా పక్కన అన్న ఎక్కువసేపు కూర్చోడు. నేను కూర్చోమని అనను.