ఇరవై తొమ్మిది అంగుళాల చక్రాలు, నా కుంకుమ బొట్టు

పెద్ద చక్రాల సైకిలు కబురు మొదట మా ఇంటికి మోసుకొచ్చినవాడు మా తమ్ముడు. పదీ పన్నెండేళ్ళ కిందటి మాట. వాడప్పుడు బెంగళూరు బెళ్ళందూరులో ఒక ఆఫీసులో పనిచేసేవాడు. మేం చందాపురలో ఉండేవాళ్ళం. మా ఆయన ఉద్యోగం ఆ దగ్గరి ఫ్యాక్టరీలోనే. ఒక శనివారం సాయంత్రం వాడు చెప్పులైనా విప్పకుండా గుమ్మంలోంచే మొదలుపెట్టాడు.

"అక్కా, ఇరవై ఆరు అంగుళాల చక్రం కథ ముగిసిపోయింది. ఇప్పుడంతా ఇరవై తొమ్మిదే. బావకి చెప్పు, రాళ్ళమీద పోతే కింద రాయి ఉండాదనే తెలీదంట."

మా ఆయన లోపల కుర్చీలో కూర్చుని ఎడమచేత్తో రబ్బరు బంతి పిసుకుతున్నారు. డాక్టరు చెప్పిన వ్యాయామం అది. తల ఎత్తకుండానే, "రాయి ఉండాదని నాకు బాగా తెలుసులేప్పా," అన్నారు.

ఆయనకు తెలిసిన తీరు చెప్పాలి. ఆనేకల్ వైపు పోయే దారిలో ఒక రాళ్ళ గుట్ట ఉంది. పైన బండకు చెక్కిన ఆంజనేయస్వామి. ఆదివారం తెల్లవారగానే ఇద్దరం మౌంటెన్ సైకిళ్ళ మీద ఆ గుట్టెక్కి, స్వామికి దీపం పెట్టి, దిగొచ్చి ఇడ్లీ తినేవాళ్ళం. ఆ ఏడాది వానలకు దారి కోసుకుపోయింది. దిగుతుంటే రెండు రాళ్ళ నడుమ పడిన గాడిలో ఆయన ముందు చక్రం దిగబడింది. సైకిలు అక్కడే ఆగిపోయింది, ఆయన ఆగలేదు. ఎడమవైపు మెడకింది ఎముక విరిగింది.

మూడు నెలలకు ఎముక అతుక్కుంది. అతుక్కోనిది ధైర్యం. "చూద్దాం, వచ్చే వారం చూద్దాం" అంటూ ఆదివారాలు దాటవేసేవారు. నేనొక్కదాన్ని వెళ్ళొచ్చేదాన్ని. వెళ్ళేటప్పుడు గేటు తీసి పట్టుకునేవారు, వచ్చేసరికి వరండాలో నిలబడి ఉండేవారు. ఆ చూపు నాకు పడేది కాదు. ఎందుకంటే నాకు సైకిలు నేర్పింది ఆయనే. చిన్నప్పుడు ఉబ్బసం మూలాన మా వాళ్ళు నన్ను మూడో తరగతితోనే బడి మాన్పించారు. పరుగెత్తకు, మెట్లెక్కకు, ఎండకు పోకు అనే మాటల మధ్యే పెరిగాను. పెళ్ళయ్యాక ముప్పై ఏళ్ళ వయసులో, ఫ్యాక్టరీ వెనక ఖాళీ జాగాలో, సీటు పట్టుకుని వెంట పరుగెత్తి ఆయన నాకు చక్రాల మీద ఊపిరి నేర్పించారు. నా భగవంతుడు ఇచ్చినవాటిలో దేనికి ముందు దండం పెట్టాలంటే ఆ ఖాళీ జాగాకే పెడతాను. అలాంటి మనిషి గేటు పట్టుకుని నిలబడడమేమిటి?

అందుకని తమ్ముడి మాట నేను గట్టిగా పట్టుకున్నాను. అయితే విన్నంత మాత్రాన నమ్మే అలవాటు నాకు లేదు. బడి మానేశాక నా చదువంతా మా నాన్న దగ్గర, చిక్‌పేటలోని మా పుట్టింటి వంటగది గచ్చు మీద జరిగింది. నూలు అంగడి నుంచి వచ్చి, కాళ్ళు కడుక్కుని, నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకునేవారు. ఏదైనా అడిగితే జవాబు చెప్పేవారు కాదు, చేసి చూపించమనేవారు. నేనూ అదే చేశాను. గచ్చు మీద గుప్పెడు చింతపిక్కలు చల్లి, నా చేతి గాజు ఒకటి తీసి దొర్లించాను. రెండో పిక్కకే తట్టుకుని పడిపోయింది. తర్వాత పిండి డబ్బా మూత దొర్లించాను. టకటకలాడుతూ పిక్కలన్నీ దాటి వెళ్ళి గోడకు కొట్టుకుంది.

మా ఆయన వంటింటి గుమ్మం దగ్గర నిలబడి చూస్తున్నారు. "ఇంకోసారి దొర్లించు," అన్నారు.

ఇంకోసారి దొర్లించాను. మరోసారి ఆయనే వచ్చి కూర్చుని దొర్లించారు. తమ్ముడు, "బావా, ఆ మూతకి సీటు ఏపిస్తే అదే కొనుక్కోవచ్చు," అన్నాడు. ఆయన పడినప్పటి నుంచి ఆ ఇంట్లో ఆయన నవ్వు వినడం అదే మొదలు.

చందాపుర కూడలికి కాస్త ఇవతల ఒక సైకిలు అంగడి ఉండేది. దాన్ని నడిపేది అరవై దాటిన పెద్దాయన. మాలాగే పాత బెంగళూరు తెలుగువారు. మేస్త్రీ అని పిలిచేవాళ్ళం. చక్రానికి కమ్మీలు బిగించి, ఒక్కో కమ్మీని వేలితో మీటి, మోతను బట్టి ఏది వదులో చెప్పేవారు. పెద్ద చక్రం మంచిదేనా అని అడిగితే, నవ్వి తిన్నగా చెప్పారు.

"చక్రం పెద్దదైతే రాయి చిన్నదైతాదమ్మా. కానీ మలుపు పెద్దదైతాది. సందుల్లో తిప్పేదానికి బేజారు. సార్ ఎత్తు మనిషి, సరిపోతాది. నీకైతే వద్దు, నువ్వెక్కినావంటే గుర్రం మీద చీమ ఎక్కినట్ల ఉంటాది."

నా ఎత్తు అయిదడుగులకు ఒక వేలు తక్కువ. ఆ మాటకు నేనూ నవ్వాను.

అలా ఇరవై తొమ్మిది అంగుళాల సైకిలు మా ఇంటికి వచ్చింది. వచ్చిన నాలుగో రోజు ఆయుధపూజ. మా ఇంట్లో ఆ రోజు కత్తిపీట నుంచి కుట్టు మిషను దాకా అన్నిటికీ స్నానం, అన్నిటికీ బొట్టు. ఉట్టి పసుపు పెడితే ఎండి రాలిపోతుందని మా అమ్మ అందులో నాలుగు చుక్కల నువ్వులనూనె కలిపేది. నాకూ అదే అలవాటు. కొత్త సైకిలును కడిగి, తుడిచి, హ్యాండిలుకు బంతిపూల దండ కట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాను. బొట్టు ఎక్కడ పెట్టాలని చూస్తే, రెండు చక్రాలకూ నడిమధ్యన వెండి పళ్ళెంలా మెరుస్తున్న బిళ్ళలు కనబడ్డాయి. మా పాత సైకిళ్ళకు అలాంటివి లేవు. సైకిలు మొత్తం మీద అంత ముచ్చటైన చోటు ఇంకొకటి లేదనిపించింది. ఎముక విరిగిన మనిషిని కాపాడు తండ్రీ అనుకుంటూ, రెండు బిళ్ళలకూ రెండు వైపులా మనసారా పసుపు రాసి కుంకుమ పెట్టాను.

ఆ ఆదివారం ఆయన బయల్దేరారు. గేటు నేను తీశాను.

దారిలోనే బ్రేకు నొక్కినప్పుడల్లా కీచుమంటూ ఉంది. కొత్త చెప్పు కరిచినట్టే కొత్త బ్రేకు అరుస్తుంది కాబోలు అనుకున్నాం. గుట్ట ఎక్కడం మొదలుపెట్టాక ఆ సంగతే మరిచిపోయాం. నా చిన్న చక్రాలు ప్రతి రాయికీ సలాము చేస్తుంటే, ఆయన సైకిలు మాత్రం డబ్బా మూతలాగే దాటుకుంటూ పోయింది. గాడి పడిన చోట ఒక్క క్షణం ఆగి చూసి, దాని మీదుగానే ఎక్కించేశారు. పైకి వెళ్ళి వెనక్కి తిరిగి, "ఏమే, ఇంకా అక్కడే ఉండావా?" అని కేకేశారు. ఆ ఎగతాళి కోసం నేను నెలల తరబడి ఎదురుచూశాను. దీపం పెట్టేటప్పుడు నా కళ్ళు తడిశాయి, గాలి వల్ల అన్నాను.

దిగేటప్పుడు ఆయన ముందు, నేను వెనక. వాలు మొదలవగానే కీచుమన్న మోత కేకలా మారింది. మోతే కానీ వేగం తగ్గడం లేదు. "ఆగడం లేదే!" అని ఆయన అరవడం వినబడింది. గాడి ఇంకో పది బారల దూరంలో ఉంది. ఆయన హ్యాండిలు పక్కకు తిప్పి, కాలు నేలకు ఈడుస్తూ, పొదల్లోంచి మట్టి గట్టుకు పోయి ఆనుకున్నారు. నేను సైకిలు పడేసి పరుగెత్తాను. బూటు చిరిగింది, మోచెయ్యి గీసుకుంది, అంతే. ఆ గట్టును అక్కడ ఉంచిన స్వామికి ఇప్పటికీ నమస్కారం పెడతాను.

ఆయన మాత్రం ఎడమచేయి వంకే చూసుకుంటున్నారు. "పట్టు పోయింది. నొక్కినాననుకుంటా ఉండాను, నొక్కలేదు. చెయ్యి రాలేదు ఇంకా. ఇంక రాదు."

మిగతా దారంతా సైకిళ్ళు నడిపించుకుంటూ దిగాం. తమ్ముడికి ఫోను చేస్తే, "ఎత్తు మారింది కదా బావా, అడ్జస్ట్ అవుతాది," అన్నాడు. ఆయన వినలేదు. మర్నాడు ఫ్యాక్టరీకి వెళ్తూ, "ఆ సైకిలు మేస్త్రికి అప్పజెప్పు, ఎవరికైనా ఇచ్చేయమను. నాకు వద్దు," అన్నారు. కోపంగా అనుంటే ఎదురు చెప్పేదాన్ని. చాలా మెల్లగా అన్నారు.

సైకిలు తోసుకుంటూ అంగడికి వెళ్ళాను. జరిగింది చెప్పాను. మేస్త్రి దాన్ని స్టాండుకెక్కించి, ముందు చక్రం తిప్పి బ్రేకు నొక్కారు. కీచుమంటూ చక్రం తిరుగుతూనే ఉంది. ఆ మెరిసే బిళ్ళను రెండు వైపులా పట్టుకుని ఆపే ముక్కల్ని ఊడదీసి, వాసన చూశారు. మళ్ళీ చూశారు.

"ఏమ్మా, దీనిమీద దోసెలు పోసినారా?"

"అదేం మాట మేస్త్రీ?"

"నువ్వులనూనె కాలిన వాసన వస్తా ఉండాది. పసుపు కూడా." ఆ ముక్కను వెలుతురుకు పెట్టి చూపించారు. నల్లటి ముక్క అంచున పసుపుపచ్చ గీత. "ఈ బిళ్ళే బ్రేకమ్మా. దీన్ని పట్టుకుంటేనే బండి నిలిచేది. దీనికి నూనె తగిలితే భీముడు నొక్కినా నిలవదు."

కాపాడమని నేను పెట్టిన బొట్టే మా ఆయన్ను గాడి దాకా తీసుకెళ్ళింది. మేస్త్రి నా ముఖం చూసి గొంతు తగ్గించారు.

"పండగ అయిన రెండో దినమే ఇట్లే ఇంకొకరు వచ్చిరి, నువ్వొక్కదానివే కాదులే. కొత్త ముక్కలు ఏస్తా, బిళ్ళ స్పిరిట్‌తో తుడుస్తా. సార్ అడిగితే కొత్త బ్రేకులు సుమ్నే, ఊరికే, అట్ల చేస్తాయని చెప్తా."

ఎంత దయ ఉన్న మాట అది! ఒప్పుకుంటే చాలు, బొట్టు సంగతి ఎవరికీ తెలియదు. తలూపబోయాను. ఇంతలో ఆయన పని ఆపి, స్పానరు కింద పెట్టి, తనలో తాను అనుకున్నట్టు అన్నారు: "కానీ అట్ల చెప్తే సార్ నమ్మడు కదమ్మా. చెయ్యి పోయిందనే అనుకుంటాడు. ముక్కలు మార్చేది నేను మార్చుతా. ఆ చెయ్యి నువ్వే బాగు చెయ్యాల." అని, పాత ముక్కల్ని కాగితంలో చుట్టి నా చేతికిచ్చారు.

ఆ సాయంత్రం మా ఆయన కాఫీ తాగుతుంటే ఆ కాగితం ఎదుట పెట్టాను. పసుపూ నూనే, వెండి పళ్ళెం, అన్నీ చెప్పాను. దేవుడి పని చేస్తున్నాననుకుంటూ తెలియని చోట చేయి పెట్టానని చెప్పాను. ఆయన ముక్కను తిప్పి తిప్పి చూశారు. వాసన చూశారు.

"అంటే... నా చెయ్యి?"

"మీ చెయ్యి మొదటినుంచీ బాగుంది. మీరు నొక్కారు. నేనే నిలవనివ్వలేదు."

ఆయన ఎడమచేయి పిడికిలి బిగించారు, విప్పారు, మళ్ళీ బిగించారు. తర్వాత భుజాలు కదిలాయి. ఏడుస్తున్నారేమోనని భయపడ్డాను, నవ్వుతున్నారు.

"నైవేద్యం పెట్టమంటే పులిహోర పెడతారు గానీ, ఎవరైనా మొగుణ్ణి పెడతారా?"

ఆ వారం మేం ఇద్దరం కాదు, ముగ్గురం గుట్టకు వెళ్ళాం. మేస్త్రి అంగడి మూసి, తన పాత ఇరవై ఆరు అంగుళాల సైకిలు తొక్కుకుంటూ వచ్చారు. గుట్ట ఎక్కలేదు. వాలులో గాడి పక్కన సైకిలు పడుకోబెట్టి, తలకు తుండుగుడ్డ చుట్టుకుని నిలబడ్డారు. "సార్, పైనుంచి రండి. నేనీడ ఉంటా. నా దగ్గర నిలపాల," అన్నారు.

మా ఆయన పైనుంచి దిగారు. బ్రేకు మోత చెయ్యలేదు. సరిగ్గా మేస్త్రికి మూరెడు దూరంలో సైకిలు ఆగింది. పెద్దాయన కదల్లేదు. "ఇంకోసారి," అన్నారు. నాలుగుసార్లు ఎక్కించి దింపించారు. అయిదోసారి పక్కకు తప్పుకుని, గాడి మీదుగా పొమ్మని చెయ్యి ఊపారు. పెద్ద చక్రం గాడి మీదుగా దొర్లిపోయింది. మా ఆయన కింద దాకా ఆగలేదు, ఆగాలనుకోకపోవడం వల్ల.

పెద్ద చక్రం మంచిదేనా అని ఇప్పటికీ నన్ను కొందరు ఆడవాళ్ళు అడుగుతుంటారు. రాళ్ళ దారిలో, ఎత్తు మనిషికి, పడి లేచిన మనిషికి మంచిదే. పొదల మధ్య మెలికలు తిరిగేటప్పుడు మా ఆయన అది తిప్పలేక తిట్టుకుంటుంటే, నేను నా చిన్న చక్రాలతో పక్కనుంచి దాటిపోయేదాన్ని. తర్వాత ఈ రెంటికీ మధ్య రకం వచ్చింది. ఇప్పుడు నాది అదే. ఏ చక్రమైనా దొర్లడం ఒక సగం. అడిగిన చోట నిలవడం రెండో సగం. ఇది నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు.

మేస్త్రి ఇప్పుడు లేరు. ఆ అంగడి చోట సెల్‌ఫోన్ల దుకాణం ఉంది. మా ఆయనకు అరవై నిండబోతోంది, ఆదివారాలు తప్పలేదు. ఆ గాడి దగ్గరికి వచ్చేసరికి ఇద్దరం మాట్లాడడం మానేస్తాం. ఒక మనిషి తప్పును దాచగలిగీ దాచకుండా, ఇంకో మనిషి చేతికి పట్టు తిరిగొచ్చేదాకా రాళ్ళ వాలులో అడ్డంగా నిలబడ్డారొక పెద్దాయన. ఆయనకు బొమ్మ లేదు, పేరు రాసిన ఫలకం లేదు. ఇది చదివినవాళ్ళు రేపు సైకిలెక్కే ముందు ఒకసారి బ్రేకు నొక్కి చూసుకోండి. అది గట్టిగా పట్టుకున్న ఆ ఒక్క క్షణం, చందాపుర మేస్త్రిని తలుచుకోండి.