బండి వచ్చే వేళ

మార్కాపురంలో మా వీధి చివర ఎవరో ప్లాస్టిక్ కవర్లు తగలబెడుతున్నారు. ఆ ఘాటు గొంతులో దిగగానే కిటికీ మూయబోయి ఆగిపోయాను. సువార్తమ్మక్క అయితే కిటికీ మూయదు. చెప్పులేసుకుని పోయి, ఎందుకు కాలుస్తున్నారో అడిగి వస్తుంది.

అక్కది కొనకనమిట్ల పక్కన ఒక పల్లె. కూలికి పోతూనే చదువుకుని, ఇంటింటి సర్వేలు చేసే ఒక పరిశోధన సంస్థలో సూపర్‌వైజరుగా కుదిరింది. జిల్లాలు విడిపోయిన కొత్తలో నేను ఆమె కింద చేరాను. ఇళ్లలోని చెత్త ఎటు పోతోంది, ఎంత కాలుతోంది, ఆ పొగ గాలిలో ఎంత కలుస్తోంది అన్నది మా సర్వే. గిద్దలూరు దారిలో ఒక ఊళ్లోని కూలీల కాలనీని నాకు అప్పగిస్తే రెండు రోజుల్లో ముగించాను. చెత్త కాల్చే ప్రతి ఇంటికీ, కారణం దగ్గర ‘అవగాహన లేదు’ అని టిక్కు పెట్టాను. ఫారంలో ఉన్న కారణాల్లో అదే సులువుగా కనిపించింది.

అక్క ఫారాలు తిరగేసి, “అవగాహన లేదని వాళ్లు చెప్పినారా, నువ్వు రాసినావా?” అని అడిగింది.

“నేనే రాసినా అక్కా. ఇంకేం రాయాలో తెలీలా.”

“అయితే రేపు పొద్దున్నే పోదాం.”

ఆరింటికల్లా కాలనీలో ఉన్నాం. మిరపకాయల కోతకు పోయే ఆడవాళ్లు ఆటో ఎక్కుతున్నారు. మరియమ్మ అనే ఆవిడ అప్పుడే ఇంటి ముందు చెత్తకు నిప్పు పెట్టింది. అక్క ఆమె పక్కనే గొంతుకూర్చుని, “చెత్త బండికి ఎందుకు వేయవమ్మా?” అంది.

“బండి ఎనిమిదింటికి వస్తాది మేడం. అప్పటికి మేము చేలో ఉంటాం. బయటపెట్టి పోతే కుక్కలు ఈడుస్తాయి, పక్కింటోళ్లు తిడతారు. పొగ నాకేమన్నా ఇష్టమా? నా కొడుక్కి ఆయాసం.”

ఆమెకు అవగాహన లేదని రాసింది నేనే. తలెత్తలేకపోయాను.

పనికి ఎన్నింటికి పోతారు, బండి ఎన్నింటికి వస్తుంది అన్న ప్రశ్నలు మా ఫారంలో లేవు. చేరుస్తానని అక్క ఆఫీసుకు ఫోన్ చేసింది. ఫారం ఖరారైపోయిందని, ఆలస్యమైతే ఆమె కాంట్రాక్టు పొడిగించేది లేదని పెద్దసారు అనడం పక్కనున్న నాకూ వినిపించింది. అక్క గొంతు పెంచలేదు. “పొడిగించబాకండి సార్. ఇవి మాత్రం ఇట్ల పంపలేను. అబద్ధమైతాది” అంది.

ఇద్దరం కాలనీ అంతా మళ్లీ తిరిగాం. ప్రతి ఫారం వెనకా చేత్తో రాశాం. నివేదిక వెళ్లిన కొన్ని నెలలకు ఆ కాలనీకి బండి ఐదున్నరకే రావడం మొదలైంది. కాల్చడం పూర్తిగా ఆగలేదు గానీ, మరియమ్మ ఇంటి ముందు ఆగింది. అక్క కాంట్రాక్టు విషయంలో ఆఫీసువాళ్లు అన్నంత పనీ చేశారు.

ఆ తరువాత చిన్నాచితకా సర్వేలు చేసి, మోకాళ్లు అరిగి అక్క ఇల్లు చేరింది. పాతికేళ్లు గడప గడపా తిరిగిన మనిషికి పీఎఫ్ లేదు, పింఛను లేదు. చూడబోయి నేను కళ్లనీళ్లు పెట్టుకుంటే, “బాధపడబాకు పాపా. మనల్ని ఎవరూ అడగలా, అంతే” అంది.

ఇప్పుడు సూపర్‌వైజరును నేను. కూలీలు, చిన్న దుకాణాలవాళ్లు ముసలితనానికి ఏం దాచుకుంటున్నారన్నది ఈసారి సర్వే. దర్శి నుంచి కురిచేడు దాకా ఇళ్ల జాబితా వచ్చింది. కాంట్రాక్టు మీద సర్వేలు చేసేవాళ్లనూ అందులో చేర్చమని రాశాను. ప్రణాళికలో లేదని జవాబొచ్చింది. మళ్లీ రాశాను, చేర్చేదాకా జాబితా మీద నా సంతకం పడదని.