లట్టా సంచులు

పోలీస్ యాక్షన్ అయిన కొద్ది రోజులకు, సికింద్రాబాద్ స్టేషన్‌లో ఆడవాళ్ల వెయిటింగ్ రూములో చూశానామెను. నాకప్పుడు తొమ్మిదేళ్లు. కొత్త లట్టా గుడ్డ మూట పక్కన పెట్టుకుని, అందులో మిగిలిన తెల్లటి ముక్కలతో చిన్న సంచులు కుడుతోంది. మా అమ్మ కూడా జాకెట్ల పీలికలతో నాకు బలపాల సంచులు కుట్టేది. అందుకే చొరవగా వెళ్లి పక్కన కూర్చున్నాను.

ఒక్కో సంచీ కుట్టగానే తన చెయ్యి దూర్చి కొలత చూసుకుంటోంది.

"ఎవరికి?" అన్నాను.

"నా కొడుకులకు బిడ్డా. ముగ్గురు."

"నాకూ ఒకటి కుట్టివ్వవా?"

సూది ఆగిపోయింది. "తోబా తోబా! గట్ల అడగొద్దు బిడ్డా" అంటూ సంచులన్నీ బుర్ఖా కిందికి లాక్కుంది. ఎంత పిసినారిదో అనుకుని మూతి ముడుచుకున్నాను. రైలొచ్చినప్పుడు వెళ్తూ వెళ్తూ నా తల నిమిరింది. నేను విదిలించుకున్నాను.

పెళ్లయి రెజిమెంటల్ బజార్‌కి కాపురానికొచ్చాక, మా పక్కింటి సాయిబు గారు పోయారు. పలకరించడానికి వెళ్తే, వాళ్లింటి ఆడవాళ్లు అవే సంచులు కుడుతున్నారు. శవానికి చుట్టే కఫన్‌కి తెచ్చిన గుడ్డలో మిగిలిన ముక్కతో కుడతారట. శవానికి స్నానం చేయించేవాళ్లు చేతికి తొడుక్కుంటారట. మగవాళ్లకు ఇంట్లో మగవాళ్లే చేయిస్తారని చెప్పి, పెద్దకొడుకును పిలిచి అతని చేతికి కొలత చూశారు.

ఆ రోజు స్టేషన్‌లో ఆమె మూడింటినీ తన చేతికే కొలుచుకుంది.