ఎనభై గ్రాముల తేడా

ఉద్యోగంలో చేరిన ఆ కొత్తల్లో నాకు రెండు భ్రమలుండేవి. ఆఫీసు నా వల్లే నడుస్తోందన్నది ఒకటి. సరైన వస్తువు కొంటే సరైన మనిషినైపోతానన్నది రెండోది. మొదటిది మూడు నెలల్లో వదిలింది (మా మేనేజరు చలవ). రెండోది వదలడానికి మాత్రం ఒక జత చేతికర్రలు కావలసి వచ్చాయి.

రాంగోపాల్‌పేట్‌లో నీటి మోటార్లు అమ్మే ఒక చిన్న కంపెనీలో పనిచేసేవాణ్ణి. అక్కడి సీనియర్ ఒకాయన్ని అందరూ కెప్టెన్ అనేవారు (ఏ సైన్యానికో ఎవరూ అడగలేదు). ఆయన హిమాలయాల్లో ఎనిమిది రోజుల నడకకు జట్టు కట్టాడు. పేర్లిచ్చినవాళ్లం పదకొండు మందిమి, తీసుకెళ్లేది ఆరుగురిని. నెలన్నర తర్వాత ఒక ఆదివారం పొద్దున్నే మల్కాజ్‌గిరి నుంచి కాప్రా చెరువు దాకా వెళ్లి, చెరువు చుట్టి, మళ్లీ వెనక్కి నడవాలి. ఆ నడక చూసి ఆరుగురిని ఎంచుతానన్నాడు. "రోజూ ఓ గంట నడవండి, అంతే" అన్నాడు. అందరూ నడిచారు. నేను కర్రలు ఎంచుకున్నాను.

అది ఆషామాషీ పని కాదు. కొండలెక్కేవాళ్లు ఊతగా పట్టుకునే ఈ కర్రల్లో కార్బన్‌ది తేలిక, కానీ పక్కనుంచి దెబ్బ తగిలితే పుటుక్కుమంటుంది. అల్యూమినియం వంగుతుంది గానీ విరగదు, కాకపోతే ఎనభై గ్రాములు ఎక్కువ. పిడికి బెండు మంచిదా, స్పాంజి మంచిదా? పొడవు పెంచి తగ్గించడానికి తిప్పి బిగించేదా, మీట నొక్కేదా? నడవాల్సిన ఆ గంటా మంచం మీద వెల్లకిలా పడుకుని, గుండెల మీద మిర్చి బజ్జీల ప్లేటు పెట్టుకుని, ఫోన్లో ఇవే వీడియోలు చూసేవాణ్ణి. మా అమ్మ ఒకరోజు గుమ్మంలో నిలబడి, "ఒరే, ఆ ఎనభై గ్రాములూ ఆ ప్లేటులోనే ఉన్నాయి కదరా" అంది. సాంకేతిక విషయాలు ఆవిడకేం తెలుస్తాయిలే అని జాలిపడ్డాను.

చివరికి కార్బన్‌వే వచ్చాయి. కంపెనీవాడి మాట నమ్మడమెందుకని వీధి చివర కిరాణా కొట్టుకు పట్టుకెళ్లి కాటా మీద పెట్టాను. కొట్టాయన నా వంకా కర్రల వంకా చూసి, "ఏందన్నా, కిలో లెక్కన అమ్ముతున్నవా?" అన్నాడు. చెప్పిన బరువుకి రెండు గ్రాములు ఎక్కువ తూగాయి. ఆ బెంగతో రెండ్రోజులు అన్నం సయించలేదు (బజ్జీలు సయించాయి).

ఆదివారం వచ్చింది. మా డిస్పాచ్ సెక్షన్‌లో నలభై ఏళ్లు దాటిన ఒకావిడ ఉండేది, ఆఫీసంతటికీ అక్క. ఆమె పాత తోలు చెప్పులు వేసుకుని, చేత్తో ఇల్లు తుడిచే మాప్ కర్ర పట్టుకొచ్చింది, కింద రబ్బరు టోపీ తొడిగి. నాకు నవ్వాగలేదు.

"అక్కా, దాని బరువెంతో తెలుసా?"

"తెల్వదు తమ్మీ. ఇల్లు తుడిచేటప్పుడు ఎన్నడూ అడగలే."

రెండో కిలోమీటరు దగ్గర నాకు ఆయాసం మొదలైంది. నాలుగో దగ్గర కొత్త బూట్లు కరిచాయి. చెరువు గట్టు దిగేటప్పుడు ఒంటి బరువంతా కుడిచేతి కర్ర మీద వేశాను. తిప్పి బిగించే రకం. బిగించడం ఎలాగో ఒక ఇరవై వీడియోలు చూశాను, బిగించడం మాత్రం మరిచిపోయాను. కర్ర మర్యాదగా తనలోకి తాను దూరిపోయింది. నేను మాత్రం మర్యాద లేకుండా జారి, నడుం దాకా బురదలో కూర్చున్నాను. పైనుంచి మాప్ కర్ర ఒకటి నా ముఖం ముందుకు దిగింది.

"గట్టిగ పట్కో తమ్మీ, గుంజుత!"

కెప్టెన్ నన్ను ఆటో ఎక్కించాడు. "కర్రలు బావున్నాయోయ్" అన్నాడు. నా ఎంపిక గురించి ఆయన మాట్లాడింది అంతే.

సోమవారం జాబితాలో నా పేరు లేదు. అక్క పేరు రెండోది. మధ్యాహ్నం ఆమే నా టేబుల్ దగ్గరికొచ్చింది. "తమ్మీ, నీ కర్రలు ఊకెనే ఉన్నయ్ గదా, జెర ఇస్తవా? మాప్ కర్ర తెస్తే పరువు పోతదంటుండు కెప్టెన్ సారు."

కుదరదందామని నోరు తెరిచాను, సరేనని వచ్చింది. ఆ కసి తీర్చుకోవడానికి బిగించే విధానం మీద అరగంట ఉపన్యాసమిచ్చాను. ఆమె శ్రద్ధగా విని, "గిదంత ఎరుకై గూడ చెరువుల ఎట్ల పడ్డవ్?" అంది. వెటకారం కాదు, నిజంగానే తెలుసుకోవాలని అడిగింది. అందుకే ఎక్కువ గుచ్చుకుంది.

పదిహేను రోజుల తర్వాత తిరిగిచ్చింది. మొనలు అరిగాయి, ఒంటినిండా గీతలు, పిడులు చెమటకి నల్లబడ్డాయి. "మంచుల రెండుసార్లు జారిన తమ్మీ, ఇవే ఆపినయ్. మంచిగ ఏరినవ్" అంది. ఆ ఆఫీసులో నన్ను మనస్ఫూర్తిగా మెచ్చుకున్నది ఆమె ఒక్కతే.

వాటిని తీసుకెళ్లి హాల్లో గోడకి తగిలించాను. చూసినవాళ్లు "ఎక్కడికెళ్లారు?" అనేవారు. "ఏముందండీ, ఆ పైకి... మంచు..." అని కిటికీలోంచి బయటికి చూసేవాణ్ణి. నేను అబద్ధమాడలేదు (వాళ్లు నమ్ముతుంటే అడ్డుపడలేదు, అంతే). పెళ్లైంది, ఏళ్లు గడిచాయి, గోడ మీద నా పర్వతారోహణ దినదిన ప్రవర్ధమానమైంది.

మొన్న మా పాప బారసాలకి అక్క వచ్చింది. రిటైర్‌మెంట్‌కి దగ్గరపడింది, నడక మాత్రం అదే. ఆమె పక్కనే కూర్చున్న మా మామగారు గోడ వంక చూసి, "అల్లుడుగారూ, వీటితో ఎంత దూరం వెళ్లారేమిటి?" అన్నారు. నేను పాయసం గ్లాసులోకి తల దించేశాను. అక్క కర్రల్ని చూసింది, నన్ను చూసింది, గ్లాసు కింద పెట్టింది.

"మస్తు దూరం పోయినయ్ సార్" అంది. "ఎక్కడ గూడ పడకుంట పోయినయ్."

"భేష్!" అన్నారు మామగారు, నా వీపు తట్టి.

పోయిండు అనలేదు, పోయినయ్ అంది. ఆ తేడా గదిలో నాకొక్కడికే వినపడింది. ఆటో ఎక్కిస్తూ, "థాంక్స్ అక్కా" అన్నాను. "దేనికి? నిజమే చెప్పిన గదా" అంది. ఆటో మలుపు తిరిగాక, పొట్ట మీద పట్టుపంచె సర్దుకుంటూ చాలాసేపు ఒక్కణ్ణే నవ్వుకున్నాను. వచ్చే ఆదివారం ఆమెతో నడుస్తానని ఆటో కదిలే ముందే మాటిచ్చాను, మోకాళ్లు ఎంతవరకు ఒప్పుకుంటే అంతవరకు.