నాలుగు గిన్నెల కేరియర్

ఆ రోజుల్లో మెడలో సాఫ్ట్‌వేర్ కంపెనీ బ్యాడ్జీ వేలాడితే చాలు, తనంత తెలివైనవాడు లేడనిపించేది. నేనైతే ఆదివారం కూడా తీసేవాణ్ణి కాదు. పైగా నా ఉద్యోగం టెస్టింగు. పొద్దస్తమానం ప్రోగ్రాముల్లో తప్పులు వెతికి వెతికి, మనుషుల్ని చూసినా అదే బుద్ధి పుట్టేది (మా పాలవాడు ఆ బాధ పడలేకే మా వీధి మానేశాడు).

మెట్టుగూడ చర్చి వెనక వంటగదిలో మా టీచరమ్మ నలుగురిని పోగేసి, పెద్ద జబ్బులతో మంచాన పడ్డవాళ్లకి రోజూ భోజనం పంపేవారు. ఆదివారం వంతు నాది. మల్కాజ్‌గిరిలో క్యాన్సర్ మందులు వాడే ఒక తాతకి కేరియర్ ఇచ్చి, మిగతా ఇళ్లు తిరిగొచ్చి ఖాళీది తీసుకునేవాణ్ణి. నాలుగు గిన్నెలూ తళతళా తోమి ఉండేవి, తాత మాత్రం చిక్కిపోతున్నాడు. నాకు అనుమానం పట్టుకుంది. ఒకరోజు సొరకాయ కూర ఇచ్చి, తిరిగొచ్చి, "బీరకాయ ఎలా ఉంది తాతా?" అన్నాను.

"మస్తుగుంది బిడ్డా, లేత బీరకాయ!"

దొరికిపోయాడు! ముద్ద నోట్లో పెట్టుకోలేదన్నమాట. మరి తిన్నదెవరు? గుమ్మంలో ఆయన భార్య మూతి తుడుచుకుంటోంది. "మామ్మా, అది జబ్బు మనిషి తిండి" అనేశాను. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్లిపోయింది.

మరుసటి ఆదివారం కేరియర్ ముప్పాతిక నిండుగా తిరిగొచ్చింది. దొంగతనం ఆపేశానని టీచరమ్మ దగ్గర గొప్పలు పోయాను. ఆవిడ మొహం మాడిపోయింది.

"వారమంతా ఇలాగే తిరిగొస్తోంది. ఓరి నీ తెలివి తగలెయ్యా! పోపు వాసనకే ఆయనకి వాంతులని ఆ ఇంట్లో పొయ్యే వెలిగించడం లేదురా. ఇద్దరికీ సరిపడా నేనే పెడుతున్నాను. నాలుగు గిన్నెలు ఒక్క జబ్బు మనిషి తింటాడా? మోసేవాడివి, నీకైనా తెలియొద్దూ?"

అదే కేరియర్‌తో బండి వెనక్కి తిప్పాను.

"మందులతోని నాలుకకు రుచే తెలుస్తలేదు. నువ్వు బీరకాయంటే నేను సుత గదే అన్న" అన్నాడు తాత. "వారం సంది గీమె చాయ్, బన్ను తిని ఉంటుంది. ఆమె తినకుంటే నాకు ముద్ద దిగదు బిడ్డా."

సిగ్గుతో చచ్చిపోయాను. తప్పయిపోయింది మామ్మా అని నేనే కంచంలో వడ్డించాను. ఆమె ముద్ద కలిపి, తినకుండా నా మొహంలోకే చూస్తోంది. ఈసారి అనుమానం ఆమెది, తింటే మళ్లీ ఏమంటానోనని. "ముందుగాల నువ్వు తిను" అంది. ఉప్పులేని ఆ కూర తిన్నాను. అప్పుడు గానీ ఆమె ముద్ద నోట్లో పెట్టుకోలేదు. ఆమె తిన్నాక తాత కూడా నాలుగు ముద్దలు తిన్నాడు.

"ఎట్లుంది బిడ్డా బీరకాయ?" అన్నాడు, కళ్లతో నవ్వుతూ.

ఆ రోజు కూర పొట్లకాయ.

"మస్తుగుంది తాతా, లేత బీరకాయ" అన్నాను. మెడలో బ్యాడ్జీతో, కళ్లు తుడుచుకుంటూ ఆ మాటన్న కుర్రాణ్ణి తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. పాపం, వాడు ఉద్యోగంలో చేరాక ఒక తప్పుని చూసీ చూడనట్టు వదిలేసింది అదే మొదటిసారి.