పాప కణాలకు ఏ మందు

భయపడటంలో మా ఆడపడుచుకి సాటి ఎవరూ లేరు. తాళం వేసి వీధి చివరిదాకా వెళ్ళి, వేశానో లేదోనని వెనక్కి వస్తుంది. ఆడబిడ్డ అర్ధమొగుడంటారు. మా ఇంటి అర్ధమొగుడు మాత్రం బొద్దింక కనపడితే నా వెనక దాక్కుంటుంది.

అలాంటి మనిషి ఆసుపత్రి ల్యాబులో మనుషుల కణాలను గాజు ప్లేట్లలో పెంచుతుంది. ఇంట్లో గ్లాసు పట్టుకుంటే వణికే చేతులు అక్కడ వణకవని మా ఆయన అంటారు. చెల్లెలి మీద ప్రేమకొద్దీ అంటున్నారనుకునేదాన్ని.

పోయిన ఏడు మా పాపకి రక్తంలో జబ్బు బయటపడింది. పుట్టుకతోనే ఒక జన్యువు తప్పుగా ఉందట. తుంటి ఎముకలోకి సూది దించి మూలుగ తీశారు. అప్పుడు అది పెట్టిన కేక ఇంకా నా చెవుల్లోనే ఉంది. ఆ మూలుగలోని కణాలు మా ఆడపడుచు చేతికే వచ్చాయి, అంత సున్నితమైనవాటిని పెంచడం అక్కడ ఇంకెవరికీ చేతకాదు కాబట్టి. సరైన జన్యువున్న డీఎన్‌ఏని వాటిలోకి చేర్చి, అవి దారికొస్తాయేమో చూడాలి. వస్తే పాపకి వైద్యం మొదలవుతుంది. ఈలోగా కణాలు చచ్చిపోతే మళ్ళీ సూదే.

డీఎన్‌ఏ దానంతటది కణంలోకి పోదట. దాన్ని చుట్టుకుని లోపలికి మోసుకెళ్ళే మందు కావాలి. రీఏజెంట్ అంటారు. వాళ్ళ దగ్గర రెండు రకాలున్నాయి. ఒకటి ఘాటుది. చాలా కణాల్లోకి చేరుస్తుంది గానీ, కొన్నిటికి విషం. రెండోది మెత్తటిది. ప్రాణం తీయదు గానీ, పని తక్కువ. ఏం పోసినా బతికే కణాలు కొన్ని ల్యాబులో ఏళ్ళ తరబడి ఉన్నాయి. వాటిని మొండిఘటాలంటారు. వాటిమీద ఘాటుదే గెలిచింది. ల్యాబు పెద్దసారేమో, "చేసేది నువ్వు, ఎంచుకునేదీ నువ్వే" అని బరువంతా ఈమె నెత్తిన పెట్టారు.

ఆ సాయంత్రం వంటింటి గుమ్మం పట్టుకుని నిలబడింది.

"వదినా, పాపవి కొన్ని ఖర్చుపెట్టి రెండు మందులూ చూడనా?"

"ఉన్నవే కాసిని. ఖర్చేంటి? మొండివాటి మీద చూశారుగా?"

"అవి మొండివి. పాపవి కాదుగా."

"మరి మిగిలినవి సరిపోతాయా?"

"సరిపోకపోవచ్చు."

"అయితే నన్నెందుకు అడగడం? ఘాటుదే పోసి తేల్చెయ్!" అని కసురుకున్నాను. భయమేస్తే నాకు ముందు కోపం వస్తుంది.

ఆమె కళ్ళనీళ్ళు పెట్టుకుంది గానీ ఒప్పుకోలేదు. "నాకు భయంగా ఉంది వదినా. చూడకుండా పొయ్యలేను."

ఆ వారంలోనే ఫోను తెచ్చి నా ముందు పెట్టింది. మొదటి ఫొటోలో ఘాటు మందు పోసిన కణాలు ముడుచుకుపోయి, చచ్చి తేలుతున్నాయి. రెండోది మెత్తటి మందుది, నల్లటి తెరమీద అక్కడక్కడా పచ్చటి చుక్కలు. డీఎన్‌ఏ లోపలికి చేరితే కణం అలా మెరుస్తుందట.

"ఇవి మన పాపవే. బతికున్నాయి" అంది.

నా మాట విని ఉంటే అన్నీ మొదటి ఫొటోలోలాగే తేలేవి. మెత్తటి మందునే ఖాయం చేశారు. కానీ దాంతో కొన్నిటికే చేరుతుంది కాబట్టి కణాలు ఇంకా కావాలి. మిగిలినవి సరిపోలేదు.

మళ్ళీ సూదిగది ముందు కూర్చున్నాం. ముందురోజు నుంచీ నాకు ముద్ద దిగలేదు. అయినా నవ్వుమొహం పెట్టి, "ఏం కాదు తల్లీ, చీమ కుట్టినట్టుంటుంది" అన్నాను.

పాప నన్ను వదిలేసి, గోడకి ఆనుకుని పాలిపోయి ఉన్న మేనత్తని అడిగింది. "నొప్పి పుడుతుందా అత్తా?"

"పుడుతుందమ్మా. నాకూ భయంగా ఉంది."

ఆ నోరు నొక్కేద్దామన్నంత కోపం వచ్చింది నాకు. ఇంతలో నర్సు తలుపు తీసి, "పాపతో ఒక్కరే రండి" అంది.

నేను పాప చెయ్యి పట్టుకుని లేచాను. పాప నా చెయ్యి విడిపించుకుంది.

"అత్త వస్తుంది. అమ్మకి భయం లేదుగా, బయటుంటుంది."

నాకూ భయమేనని చెప్పడానికి నోరు తెరిచేలోపు తలుపు మూసేశారు.